పాఠాలు చెబుతూనే నీ వాయిద్యం దెబ్బతినకుండా చూసుకో

చిరంజీవికి ఆశీస్సులు.

సాక్సోఫోన్ పాఠాలు చెప్పడం మొదలుపెట్టావని తెలిసి సంతోషించాను. రోజూ నీ సాధన మాత్రం మొదటి శిష్యుడు రాకముందే అయిపోవాలి నాయనా. పాఠాలయ్యాక చేద్దామంటే అప్పటికి పెదవి అలిసిపోతుంది. అలిసిన పెదవికి సాయంగా దవడ రీడ్‌ను, అంటే ఊదితే అదిరే ఆ పలుచని రెల్లు బద్దను, కరుస్తుంది, నాదం పీలగా వస్తుంది. అదే అలవాటై కచేరీలోనూ వెంటాడుతుంది.

గంట దొరికితే ఇరవై నిమిషాలు లాంగ్ టోన్లకే, అంటే ఒకే స్వరాన్ని నిలకడగా పట్టడానికే, ఇవ్వు. లయ దెబ్బలు కొట్టే మెట్రోనోమ్‌ను నిమిషానికి 60 మీద పెట్టి, ఒక్కో స్వరం ఎనిమిది దెబ్బలు పట్టు. ముందు ఊది, ఆ తర్వాతే శ్రుతి చూపే ట్యూనర్ చూడు. స్వరాన్ని పైస్థాయికి ఎత్తే ఆక్టేవ్ కీతో పలికే మధ్య డి సాధారణంగా శ్రుతి పైకి పోతుంది, వేళ్లన్నీ ఎత్తి వాయించే సి షార్ప్ దిగిపోతుంది. వీటిని కరిచి సరిచేయకు, నాలుక, గొంతు సర్దుకుని సరిచెయ్యి. దానికి మంచి కసరత్తు ఒకటుంది: అన్నిటికన్నా కింది బి ఫ్లాట్ పట్టి, వేలు కదపకుండా దాని పైస్థాయి బి ఫ్లాట్, ఆపైన ఎఫ్ పలికించు.

మిగతా సమయం ఒకే సోలోకి, అంటే ఒక్కరే మనోధర్మంతో వాయించిన భాగానికి. జాజ్ సాక్సోఫోన్ విద్వాంసుడు లెస్టర్ యంగ్ 1930ల నాటి సోలో ఏదైనా తీసుకుని, నాలుగేసి బార్లు (బార్ అంటే నాలుగు దెబ్బల ఆవర్తం) ముందు నోటితో పాడు, తర్వాత వాయించు, రాసుకోవడం చివర. మెట్రోనోమ్ దెబ్బ బార్‌లోని 2, 4 మీద పడాలి. ఒకటి మీద పెట్టుకుంటే స్వింగ్, అంటే జాజ్ లయలోని ఊపు, బిగుసుకుపోతుంది.

కొత్త శిష్యుడు వస్తే ముందు రీడ్ చూడు. గొప్పకి గట్టిగా ఉండే 3 నంబరు కొంటారు, ఊపిరి చాలక కరుస్తారు. 2 లేదా 2½ చాలు. ఆల్టో సాక్సోఫోన్ అయితే, నోట పెట్టుకునే మౌత్‌పీస్ ఒక్కటే విడదీసి ఊదించు: పియానో మీది ఏ కంటే పైకి పోతే కరుస్తున్నట్టే. జాజ్ మౌత్‌పీస్ అయితే ఇంకాస్త కిందే పలకాలి. జీ షార్ప్ పలకడం లేదంటే చాలాసార్లు తప్పు పిల్లవాడిది కాదు. ఆ స్వరపు రంధ్రాన్ని మూసే ప్యాడ్ మీట నొక్కనంతసేపూ మూసే ఉంటుంది, తడికి అంటుకుంటుంది, ఎత్తే స్ప్రింగేమో బలహీనం. పలుచని కాగితం పెట్టి మెల్లగా అద్దితే విడిపోతుంది.

మనోధర్మం నేర్పేటప్పుడు స్కేళ్ల పట్టిక చేతికివ్వకు. పన్నెండు బార్లు తిరిగి తిరిగి వచ్చే బ్లూస్ వరస మీద మూడే స్వరాలిచ్చి, లయ మాత్రం మార్చమను. స్వరాలు ఎక్కువైతే వేళ్లే వాయిస్తాయి, చెవి పనిచేయదు.

ఫీజు నెల ముందే తీసుకో. కచేరీ ఉన్న సాయంత్రం పాఠం ఒప్పుకోకు. చిన్న గదిలో ఇద్దరూ వాయిస్తే చెవులకు ముప్పే, సంగీతకారులు వాడే ఇయర్‌ప్లగ్గులు ఇద్దరూ పెట్టుకోండి.