నొప్పి లేదని ఊరుకోవద్దు

ప్రశ్న: మా అత్తగారికి 64 ఏళ్లు. వయసులో ఉన్నప్పటి నుంచీ చుట్ట నిప్పు నోట్లో పెట్టుకుని అడ్డపొగ తాగుతారు. ఈమధ్య ఆవిడ ఆవలిస్తుంటే అంగిలంతా తెల్లగా, మధ్యలో ఎర్రచుక్కలతో కనిపించింది. ఊళ్లో ఆర్‌ఎంపీ గారు బి-కాంప్లెక్స్ మాత్రలిచ్చారు. పరీక్ష చేయిద్దామంటే మావారు ఒప్పుకోవడం లేదు. అడ్డపొగ మీద జరిగిన ఏదో పరిశోధన చదివారట. పదివేల మందిని చూస్తే క్యాన్సర్ ఉన్నది కొద్దిమందికే, అమ్మకు నొప్పి కూడా లేదు, ముక్క తీస్తే లేనిపోనిది పాకుతుంది అంటున్నారు. ఏం చేయమంటారు?
– ఒక కోడలు, రాజోలు దగ్గర

జవాబు: అమ్మా, ఈ వారంలోనే అత్తగారిని దంతవైద్యుడికి చూపించండి. మీవారితో వాదన తర్వాత.

ఆయన చదివిన పరిశోధన చాలా విలువైనది. పిండ్‌బోర్గ్, ఫాలీ మెహతా, ప్రకాశ్ గుప్తా మొదలైన పరిశోధకులు శ్రీకాకుళం జిల్లా పల్లెల్లో 10,169 మంది నోళ్లు పరీక్షించి, 1971లో ఫలితాలు ప్రచురించారు. అందులో పదిమందికి నలుగురి పైచిలుకు అడ్డపొగ తాగేవాళ్లే. కానీ ఆ సర్వేలో లెక్కకొచ్చింది, పరీక్షించిన రోజున నోట్లో జబ్బు కనబడినవాళ్లు మాత్రమే. కొత్తగా ఎంతమందికి వస్తోందో తెలియాలంటే అవే మనుషుల్ని ఏళ్ల తరబడి మళ్లీ మళ్లీ చూడాలి. ఆ బృందం అదీ చేసింది. కేరళలోని ఎర్నాకుళం, గుజరాత్‌లోని భావనగర్, మన శ్రీకాకుళం జిల్లాల్లో పదేళ్లు వెంటపడి చూసి 1980లో ప్రచురించారు. నోటి క్యాన్సరైనా, దానికి ముందొచ్చే మచ్చలైనా దాదాపుగా పొగాకు వాడేవాళ్లలోనే కనిపించాయి. మీ అత్తగారిని ఊరు మొత్తంతో కలిపి లెక్కేస్తే ఎలాగండీ? ఆవిడ అడ్డపొగ తాగే మనిషి, పైగా అంగిలి మీద మచ్చ ఉన్న మనిషి. ఆ లెక్క వేరు.

మామూలుగా చుట్ట తాగేవాళ్లకూ అంగిలి ఇలా తెల్లబడుతుంది, దాన్ని మేం అంతగా పట్టించుకోం. నిప్పు లోపల పెట్టుకునేవాళ్లలో మాత్రం వేడీ పొగా నేరుగా అంగిలికే తగులుతాయి, కాబట్టి తేలిగ్గా తీసుకోం. కట్టుడు పళ్లుంటే తీయించి, తల వెనక్కి వాల్చమని, సెల్‌ఫోన్ లైటు వేసి మీరే చూడండి. తెల్లదనం మధ్యలో ఎర్రగా, నున్నగా, పైపొర లేచిపోయినట్టు ఉన్న చోటుందా? మానని పుండుందా? వేలికి గట్టిగా తగులుతోందా? వీటిలో ఏదున్నా ఒక్కరోజు కూడా ఆగొద్దు. ఏదీ లేకపోయినా చూపించాల్సిందే. మొదట్లో నోటి క్యాన్సర్ చాలాసార్లు నొప్పి పెట్టదు. నొప్పి మొదలయ్యాకే వచ్చేవాళ్లని చూస్తే నాకు కడుపు తరుక్కుపోతుంది.

ముక్క పరీక్ష వల్ల క్యాన్సర్ పాకదు. మత్తు సూది వేసి బియ్యపు గింజంత ముక్క తీస్తారు, అవసరమైతే ఒక కుట్టు. ఆ ముక్క లేకుండా ఏ డాక్టరూ ఇది ఫలానా అని తేల్చలేడు. బి-కాంప్లెక్స్ తప్పేమీ కాదు గానీ, దాన్ని నమ్ముకుని నెలలు గడిపేయకండి.

నిప్పు బయటికి తిప్పి తాగితే చాలదా అని అత్తగారు అడుగుతారు. చాలదు. చుట్ట మానేసి పొగాకు కాడ నమిలినా అంతే. మన గోదావరి లంకల పొగాకు ఘాటుకు అలవాటుపడ్డ ప్రాణం, ఒక్క రోజులో మానడం కష్టమే. గాలికీ తడికీ నిప్పు ఆరిపోకుండా లోపలికి తిప్పుకుని, పనిలో పడి తాగిన ఆడవాళ్లు వీళ్లు, కోప్పడకండి. పొగాకు మాన్పించే జాతీయ హెల్ప్‌లైన్ 1800-11-2356కి ఫోన్ చేయండి, డబ్బు పడదు. ఎర్నాకుళంలో 12,212 మందిని పదేళ్లు గమనించినప్పుడు, మానేసినవాళ్లలో కొత్త మచ్చలు రావడం బాగా తగ్గింది. ఈ వయసులో మానినా లాభమే అని ఆవిడకి చెప్పండి.

వెళ్లేటప్పుడు మీవారినీ వెంట తీసుకెళ్లండి. ఆయనకు ఖైనీయో, కిళ్లీయో అలవాటుంటే ఆయన నోరూ చూపించండి.