క్రాస్ స్టిచ్‌కి గుడ్డ ఎంత కొనాలి, ఎలా మొదలుపెట్టాలి?

క్రాస్ స్టిచ్ అంటే గడికొకటి చొప్పున ఇంటూ (×) ఆకారపు కుట్లు వేసి బొమ్మ నింపడం. మీ డిజైన్ వెడల్పు 70 గళ్లు అనుకుందాం. ఈ కుట్టు కోసం గళ్లు గళ్లుగా నేసే ఐడా గుడ్డ 14 కౌంట్‌దైతే అంగుళానికి 14 గళ్లుంటాయి కాబట్టి బొమ్మ 5 అంగుళాలు వస్తుంది. ఫ్రేమ్ కట్టించాలంటే చుట్టూ మూడేసి అంగుళాలు వదలండి, అంటే 11 అంగుళాల ముక్క. పొడవుకీ ఇదే లెక్క.

గుడ్డను నాలుగు మడతలు పెట్టి మధ్య గడి గుర్తించి, అక్కడే మొదలుపెట్టండి. ఆరు పోగుల దారంలోంచి రెండే తీసి, మొన మొద్దుగా ఉండే 24 నంబరు సూదికి ఎక్కించండి. ముడి వద్దు, ఫ్రేమ్‌లో ఉబ్బెత్తుగా తేలుతుంది. వెనక అంగుళం దారం వదిలి, మొదటి నాలుగైదు కుట్ల కింద అణిచేయండి.

అసలు అందమంతా పైకుట్టులోనే. ప్రతి ఇంటూలోనూ పైదారం ఒకే వైపు వాలాలి, లేకపోతే వెలుతురు పడ్డప్పుడు అతుకులు అతుకులుగా కనిపిస్తుంది. ఎర్ర దారం వాడుతుంటే ముందే తడిపి తెల్లగుడ్డకు అద్ది చూడండి, రంగు దిగుతుందేమో.