ఆమన్ నగర ఫైబర్: పది డాలర్ల ప్లాన్ నలభై ఎలా దాటుతుంది

మీరు ఆమన్‌లో ఇల్లు కొనబోతూ నెలకు పది డాలర్ల ఫైబర్ ఇంటర్నెట్ ప్లాన్ చూశారు; ఆ ఇంటి పొరుగువారేమో నెలకు నలభై దాటుతుందన్నారు. మీరు చూసిన పది డాలర్లు ఇంటర్నెట్ కంపెనీ తీసుకునే నెల చందా మాత్రమే. అమెరికాలోని ఐడాహో రాష్ట్రపు ఆమన్‌లో ఫైబర్ వేసింది నగరపాలక సంస్థ కాబట్టి మరో రెండు ఖర్చులు విడిగా ఉంటాయి. పొరుగువారు చెప్పిన నలభై పైచిలుకు లెక్క అక్కడిదే.

1. వీధి నుంచి ఇంటి వరకు కేబుల్ వేసిన ఖర్చు. తొలి పేటల్లో ఇంటికి సుమారు 3,000 డాలర్లు అయింది. యజమాని ఒకేసారి కట్టవచ్చు, లేదా నెలకు దాదాపు 17 డాలర్ల చొప్పున 20 ఏళ్లలో తీర్చవచ్చు.

2. నగరానికి చెల్లించే నిర్వహణ రుసుము; తొలి ఏళ్లలో ఇది నెలకు సుమారు 16.50 డాలర్లు ఉండేది.

ఇల్లు కొనేవారు సాధారణంగా మరిచిపోయేది మొదటి ఖర్చునే. ఆ వాయిదాల బాకీ మనిషి మీద కాక ఆస్తి మీద ఉంటుంది కనుక, అమ్మేవారు "ఫైబర్ ఉంది" అన్నంత మాత్రాన అది తీరిపోయిందని అనుకోకండి. టైటిల్ రిపోర్టులో (ఆస్తి హక్కులు, దాని మీది బాకీలు చూపే పత్రం) స్పెషల్ అసెస్‌మెంట్ల భాగం, అంటే ఆస్తి మీద వేసిన ప్రత్యేక వసూళ్ల భాగం తీసి, లోకల్ ఇంప్రూవ్‌మెంట్ డిస్ట్రిక్ట్ (ఒక పేటలో చేసిన పని ఖర్చును అక్కడి ఆస్తుల మీద పంచే ఏర్పాటు) అన్న పేరు కోసం వెతకండి. కనిపిస్తే, మిగిలిన బాకీ ఎంతో నగర కార్యాలయం నుంచి రాతపూర్వకంగా తెప్పించుకుని, దాన్ని ఎవరు కట్టాలో సంతకాలకు ముందే ఒప్పందంలో రాయించండి. అది మీ మీద పడేటట్లయితే ఆ మేరకు ధర తగ్గించమని అడగడం పూర్తిగా న్యాయం; మొహమాటపడవద్దు.

తర్వాత ఇంటర్నెట్ కంపెనీని మార్చుకున్నా కొత్త కేబుల్ అక్కరలేదు, నగర పోర్టల్‌లోనే మార్చుకోవచ్చు.