401 వచ్చిన ప్రతిసారీ బయటికి పంపేయకు

చిరంజీవికి,

బాబాయి ఆశీస్సులు. మీ యాప్‌లో జనం ఉన్నట్టుండి లాగౌట్ అయిపోతున్నారని నిన్న ఫోన్‌లో అన్నావు. టెన్షన్ పడకు, దొరికే తప్పే ఇది.

ముందు సర్వర్ జవాబుగా పంపే 401, 403 అనే ఎర్రర్ నంబర్లని మీ కోడ్ వేరుగా చూస్తోందో లేదో గమనించు. 401 అంటే నువ్వెవరో తేలలేదని. 403 అంటే నీకు ఇక్కడికి అనుమతి లేదని. 403 వచ్చినవాణ్ణి లాగిన్ పేజీకి తోస్తే సరైన పాస్‌వర్డే కొట్టి మళ్లీ అక్కడికే వస్తాడు, తప్పు తనదే అనుకుంటాడు.

నా అనుమానమంతా రిఫ్రెష్ టోకెన్ మీదే, అంటే యాక్సెస్ టోకెన్ అనే కొద్దిసేపటి పాస్ గడువు తీరాక కొత్తది తెచ్చుకోవడానికి చూపించే టోకెన్ మీద. డ్యాష్‌బోర్డ్ తెరవగానే ఐదు రిక్వెస్టులు ఒకేసారి వెళ్తాయన్నావు. యాక్సెస్ టోకెన్ గడువు తీరి ఉంటే ఐదింటికీ 401 వస్తుంది. ఐదూ దేనికది కొత్త టోకెన్ కోసం పరిగెడతాయి. మీరు రిఫ్రెష్ టోకెన్ ఒక్కసారే చెల్లేలా పెట్టారు కదా, రెండోది అదే పాత టోకెన్ చూపించగానే సర్వర్ దొంగతనం అనుకుని సెషన్ మొత్తం రద్దు చేస్తుంది. ఆ కాపలా తీసేయకు. మొదటి రిక్వెస్ట్ రిఫ్రెష్‌కి వెళ్లగానే మిగతా నాలుగూ దాని జవాబు కోసం ఆగేలా రాయి. తర్వాత ఒక్కోటీ ఒక్కసారే మళ్లీ వెళ్లాలి. రిఫ్రెష్‌కే 401 వస్తే ఇక లాగిన్ పేజీయే. రెండు ట్యాబులు తెరిచి కూడా చూడు, అవీ దేనికది రిఫ్రెష్‌కి వెళ్లొచ్చు.

జేడబ్ల్యూటీలో, అంటే టోకెన్ రాసే ఆ ఫార్మాట్‌లో, గడువు సెకన్లలో ఉంటుంది, జావాస్క్రిప్ట్ గడియారం మిల్లీసెకన్లలో. అక్కడ కూడా ఒక కన్నేసి ఉంచు. లాగ్ ఫైళ్లలో టోకెన్లు మాత్రం పొరపాటున కూడా రాయొద్దు.

నేను కొత్తలో పనిచేసిన ఒక స్కాలర్‌షిప్ సైట్ గురించి చెప్పాలి. ఒకరోజు నెట్ సెంటర్‌లో ఒక తండ్రి కూతురి దరఖాస్తు ఒక్కో అక్షరం వెతుక్కుంటూ నింపుతున్నాడు. సబ్మిట్ నొక్కితే లాగిన్ పేజీ వచ్చింది. లాగిన్ అయ్యాక చూస్తే ఫారం ఖాళీ. ఆయన సైట్‌ని ఒక్క మాట అనలేదు. "నాకు చేతకాదు బాబూ, నువ్వే నింపి పెట్టు" అని కుర్చీలోంచి లేచాడు. ఆ ఫారం రాసింది నేనే.

అందుకే నింపుతున్నది నింపుతున్నట్టే సర్వర్‌లో డ్రాఫ్ట్‌గా దాచు. బ్రౌజర్‌లో వద్దు, నెట్ సెంటర్‌లో ఆ కంప్యూటర్ పదిమంది వాడతారు. లాగిన్ అయ్యాక హోమ్ పేజీకి కాదు, ఆగిన చోటికే తీసుకురా. "మీ సమయం ముగిసింది, మీరు నింపినవి భద్రంగా ఉన్నాయి" అని తెలుగులో చెప్పు.

రిఫ్రెష్ సరిచేశాక బ్రౌజర్ డెవలపర్ టూల్స్‌లోని నెట్‌వర్క్ ట్యాబ్ స్క్రీన్‌షాట్ పంపు, చూస్తాను. టోకెన్లు చెరిపి పంపు.

మీ బాబాయి