గడియారం మారే రోజున నడకా!

చిన్నీ,

ఇంగ్లండులో బ్రాడ్‌ఫర్డ్ ఆన్ ఏవన్ ఊరి నుంచి బాత్ నగరం దాకా కాలువగట్టున నడుస్తావట, మీ అమ్మ చెప్పింది. పక్కవీధికి కూడా తోడు లేనిదే కదలని పిల్లవి, ఒంటరిగా 16 కిలోమీటర్లా! గర్వంగానే ఉంది. రాత్రి నిద్ర మాత్రం పట్టలేదు.

పాత బూట్లే వేసుకో. నీళ్ళు, ఛార్జింగ్ ఉన్న ఫోను, చిన్న టార్చి. ఇవి నీకూ తెలుసు.

నువ్వు అనుకున్నది అక్టోబరులో ఆఖరి ఆదివారం. ఆ తెల్లవారుజామున అక్కడ వేసవి సమయం ముగిసి, 2 గంటలకి గడియారాన్ని వెనక్కి 1కి తిప్పేస్తారు. ముందురోజు ఆరు కావస్తుండగా గూకిన పొద్దు, ఆ రోజు ఐదు కాకముందే గూకుతుంది. గంట నిద్ర కలిసొచ్చిందని మురిసిపోయి పన్నెండింటికి బయలుదేరేవాళ్ళే ఎక్కువ. పటం చూసి గంటకి 5 కిలోమీటర్లు లెక్కేస్తారు. పడవల్ని గుర్రాలు లాగిన గట్టు కాబట్టి అది చదునే. కానీ మొదట్లో నది పక్క కాలిబాట బురద. గేటు దగ్గర చీలమండ దాకా దిగి బూటు ఊడొస్తుంది. గట్టు మీదేమో తడిసిన ఆకులు. గంటకి 4 వేసుకో, తిండికి ముప్పావుగంట కలుపు, దగ్గరదగ్గర ఐదు గంటలు. అంటే పన్నెండింటికి బయలుదేరితే చివర చీకటే. ఆ చివర ఉన్నవేమిటి? లాకులు! పడవల్ని ఎక్కించి దించే నీటి గదులు, మన ధవళేశ్వరం లాకుల పద్ధతే, కానీ గట్టు దారి వాటి అంచునే పోతుంది. అందులో ఒకటి 1976లో రెండింటిని కలిపి కట్టింది, 5.9 మీటర్ల లోతు. నీకు ఈతా రాదు. ఎన్నిసార్లు నేర్చుకోమన్నానే! తొమ్మిదింటికల్లా నడక మొదలుపెట్టు తల్లీ.

వెనక సైకిలు గంట వినిపిస్తే కంచెవైపు జరుగు, నీళ్ళవైపు కాదు. కట్టేసిన పడవల దగ్గర తాళ్ళు, మేకులు చూసుకో. కాలిబాటకి పసుపు బాణం గుర్తు. పొలంలో ఆవుకీ దూడకీ మధ్యలోంచి వెళ్ళకు, చుట్టూ తిరుగు.

ఏవన్‌క్లిఫ్‌లో గట్టు దారి అవతలి ఒడ్డుకి మారుతుంది. దారి అయిపోయిందని కంగారుపడకు. కిందికి దిగి, కాలువని మోసే వంతెన కిందుగా దాటి అటు ఎక్కాలి. కాళ్ళు నొప్పెడితే స్టేషన్ అక్కడే. డ్రైవరుకి కనపడేలా చెయ్యి చాపితేనే రైలు ఆగుతుంది.

అన్నం డండస్ వంతెన దగ్గర తిను. 1805 నాటి ఆ రాతి వంతెన మీద కాలువ నదిని దాటుతుంటే చూడాల్సిందే. అక్కడికి చేరేసరికి రెండు దాటితే మాత్రం ముందుకెళ్ళకు. రోడ్డెక్కి టాక్సీ పిలుచుకో, డబ్బులు నేను పంపుతాను.

మీ పెద్దమ్మ