పి పికప్పా, జె పికప్పా? జాతరలో అమ్మవారు తేల్చిన సంగతి

మొదటి బేస్ గిటార్ కొంటున్నాను, పి పికప్ ఉన్నదా, జె పికప్పులు ఉన్నదా, బ్యాటరీ వేసే యాక్టివ్ రకమా, ఏది మేలు అని అడిగారు. పికప్ అంటే తీగల కింద ఉండే, అయస్కాంతం చుట్టూ వైరు చుట్టిన ముక్క; తీగ ఊగితే దాన్ని కరెంటుగా మార్చి ఆంప్లిఫయర్‌కి పంపుతుంది. ఆ వైరు చుట్టే కాయిల్. పి అంటే ఫెండర్ గిటార్ కంపెనీ వాళ్ల ప్రెసిషన్ బేస్‌లోది, జె అంటే వాళ్ల జాజ్ బేస్‌లోది. నా మాటేమిటంటే, పి తీసుకోండి. తిరుపతి, చిత్తూరు చుట్టుపక్కల ఆర్కెస్ట్రాల్లో పన్నెండేళ్లు వాయించి చెప్తున్న మాట ఇది.

నేనూ మొదట జె కొన్నవాణ్ణే. చెన్నైలో షాపులో కూర్చుని వెనక పికప్ ఒక్కటే పెట్టి వాయిస్తే వచ్చిన ఆ గరుకు శబ్దానికి పడిపోయాను. ఏసీ గది, ఖరీదైన ఆంప్లిఫయర్, పక్కన ఇంకో వాయిద్యం లేదు. అక్కడ ఏది వాయించినా బాగానే ఉంటుంది.

ఆ గిటార్‌తో నా రెండో ప్రోగ్రాం చంద్రగిరి దగ్గర ఒక ఊళ్లో గంగజాతర. జనం ఎదురుగా, గుడి మాకు ఎడమవైపు. స్టేజి మెట్ల దగ్గరే సీరియల్ లైట్ల కంట్రోల్ పెట్టె, దాని వెనక జనరేటర్. కేబుల్ గుచ్చగానే బాక్సుల్లోంచి గుయ్యిమని ఒకటే మోత. తీగల మీద చెయ్యి వేస్తే కాస్త తగ్గుతుంది, తీస్తే మళ్లీ మొదలు. కీబోర్డ్ అన్న నా వైపు చూసిన చూపు ఇంకా గుర్తుంది.

డ్రమ్స్ అబ్బాయితో ఏదో చెప్దామని కుడివైపు తిరిగాను. మోత చప్పున తగ్గిపోయింది. మళ్లీ జనం వైపు తిరిగితే గుయ్యి. సరే, ఇటే ఉందాం అని డ్రమ్స్ వైపు చూస్తూ మూడు పాటలు లాగించాను. నాలుగో పాటకి కమిటీ పెద్దాయన మెట్లెక్కి వచ్చాడు. "ఏం సామీ, అమ్మకి వీపు జూపించి నిలబడుకున్నావే?" అన్నాడు. కాయిల్ గురించి ఆయనకేం చెప్తాను? భయపడి పూర్తిగా గుడి వైపు తిరిగిపోయాను. విచిత్రం, అటు తిరిగినా మోత లేదు! రాత్రి రెండు దాకా డ్రమ్స్‌కి వీపు పెట్టి, అమ్మవారిని చూస్తూ వాయించాను. దిగేటప్పుడు పెద్దాయన "పిల్లోడికి భక్తి ఉండాది" అని నిమ్మకాయ చేతిలో పెట్టాడు. వీడియోలో మాత్రం నా భుజం తప్ప ఏమీ పడలేదు.

కారణం తర్వాత తెలిసింది. జెలో ఉండేవి రెండు సింగిల్ కాయిల్ పికప్పులు, అంటే ఒక్కోదానిలో ఒకే కాయిల్. చుట్టూ ఉన్న కరెంటు మోతని కాయిల్ పట్టేస్తుంది, ఎంత పడుతుందనేది అది ఏ దిక్కుకి ఉందన్న దాన్ని బట్టి మారుతుంది. ఇప్పటి జె గిటార్లలో రెండు వాల్యూమ్‌లూ పూర్తిగా పెడితే ఒకదాని మోతని ఇంకొకటి కొట్టేస్తుంది. నేను షోకు కోసం ముందు పికప్ తగ్గించాను కాబట్టే ఆ తిప్పలు. అయినా నాబ్ కదిపితే గొడవ చేసే గిటార్ మన స్టేజీలకెందుకు? ఫెండర్ వాళ్లు 1957లోనే పి పికప్‌ని రెండు ముక్కలు చేసి, ఒక్కో ముక్కకి రెండు తీగలు ఇచ్చి, వాటి కాయిల్స్‌ని ఒకదానికొకటి వ్యతిరేక దిశలో చుట్టారు. మోత పోతుంది, స్వరం మిగులుతుంది. మూడేళ్ల తర్వాత 1960లో జె వచ్చింది. కొత్తది కదా అని మెరుగు అనుకోకండి.

పేరుమోసిన బేస్ వాద్యకారుడు జాకో పాస్టోరియస్ జె మీదే వాయించాడుగా అని కొందరు కింద కామెంట్లలో రాస్తారు. వాయించాడు. ఆయన సీరియల్ సెట్ల పక్కన నిలబడలేదు.

అసలు మన దగ్గర బేస్ ఎవరికి వినిపిస్తుంది? మైకుసెట్టు వాళ్లకి బేస్ అంటే గుండె అదిరే దబదబ. లావు తీగ ఎక్కడా నొక్కకుండా మోగిస్తే 41 హెర్ట్జ్, అంటే సెకనుకి 41 సార్లు ఊగే బాగా కింది స్వరం. ఊళ్లో బాక్సులు అంత కిందికి దిగవు. జనం చెవికి చేరేది ఆ పైన ఉండే మధ్య స్వరాలే, అవి పిలో దండిగా ఉంటాయి. పెళ్లివాళ్లయితే ఇంకా ఘోరం. "నాలుగు తీగలే కదా, రేటు తగ్గించుకో" అన్నాడొకాయన.

యాక్టివ్ అంటే పికప్పే వేరని కాదు, చాలావాటిలో పికప్పులు మామూలువే, లోపల 9 వోల్టుల బ్యాటరీతో నడిచే ప్రీఆంప్, అంటే పికప్ నుంచి వచ్చే సిగ్నల్‌ని పెంచే చిన్న సర్క్యూట్, ఉంటుంది. కేబుల్ గుచ్చి ఉంచినంతసేపూ బ్యాటరీ అయిపోతూనే ఉంటుంది. పుత్తూరులో ఒక రిసెప్షన్‌కి అరువు తెచ్చిన యాక్టివ్ గిటార్ పాట మధ్యలో గరగరమంది. రాత్రి పదకొండింటికి బ్యాటరీ ఎక్కడ దొరుకుతుంది? యాంకరమ్మ కార్డ్‌లెస్ మైకులోది పీకి పెట్టాం. ఆమె మిగతా ప్రోగ్రామంతా వైరు మైకు పట్టుకుని మమ్మల్ని తిడుతూనే ఉంది.

నా జె ఇంట్లో గోడకి వేలాడుతోంది. మధ్యాహ్నం కరెంటు పోయినప్పుడు తీసి, ఏ ఆంప్లిఫయరూ లేకుండా వాయించుకుంటాను. అప్పుడు దానికి సాటి లేదు.