ఇల్లు నచ్చింది సరే, హెచ్‌వోఏ కాగితాలు చదివావా?

చి. సౌ. సౌజన్యకు, పెద్దమ్మ ఆశీస్సులు.

డల్లాస్ దగ్గర సెలీనాలో హెచ్‌వోఏ (ఇళ్ల యజమానుల సంఘం) ఉన్న కొత్త ఇల్లు తీసుకోవాలా, హెచ్‌వోఏ లేని ప్లేనో పాత ఇల్లు తీసుకోవాలా అని మొన్న అడిగావు. ఫోన్‌లో తేలే విషయం కాదని రాస్తున్నాను. మా కమ్యూనిటీ బోర్డులో కొన్నేళ్లు పనిచేశాను కాబట్టి ఇళ్లవాళ్ల కోపాలూ తెలుసు, బోర్డువాళ్ల తలనొప్పులూ తెలుసు.

హెచ్‌వోఏ అంటే హైదరాబాద్‌లో అపార్ట్‌మెంట్ అసోసియేషన్ లాంటిదే అనుకుంటారు మనవాళ్లు. అక్కడ మెయింటెనెన్స్ కట్టకపోతే సెక్రటరీ నాలుగుసార్లు తలుపు కొడతాడు, గొడవవుతుంది, ఎలాగో సర్దుకుంటుంది. ఇక్కడ అలా కుదరదు. ఆ స్థలం మీదే రిజిస్టరైన నిబంధనలుంటాయి, సీసీ అండ్ ఆర్స్ అంటారు. ఇల్లు కొన్నావంటే వాటికి ఒప్పుకున్నట్టే, చదివావా లేదా అన్నది ఎవరికీ పట్టదు. డ్యూస్, అంటే సంఘానికి కట్టాల్సిన చందా, బాకీపడితే ఇంటి మీద లీన్ (బాకీ తీరేదాకా ఇంటిపై వాళ్లకుండే హక్కు) ఉంటుంది, చివరికి వేలం దాకా వెళ్లొచ్చు. మన ఫ్రిస్కోలోనే ఒక సైనికుడు ఇరాక్ డ్యూటీలో ఉండగా దాదాపు 800 డాలర్ల డ్యూస్ బాకీకి, సుమారు 3 లక్షల డాలర్ల ఇంటిని వేలం వేసి 3,500కు అమ్మేశారు. 2010లో ఈ సంగతి దేశమంతా తెలిసింది. ఎలాగో ఆ కుటుంబానికి ఇల్లు తిరిగి దక్కింది. మరుసటి ఏడాది టెక్సాస్‌లో చట్టం మార్చి, ఇలాంటి వేలానికి కోర్టు ఉత్తర్వు ఉండాలన్నారు. ఒట్టి ఫైన్ల కోసం ఇల్లు వేలం వేయడానికి వీల్లేదు, డ్యూస్ కోసం మాత్రం వేయొచ్చు. ఈ డ్యూస్ మామూలుగా మార్ట్‌గేజ్ ఎస్క్రోలో (ఇంటి పన్నుకూ ఇన్సూరెన్స్‌కూ లోన్‌వాళ్లు నెలనెలా తీసుకునే డబ్బులో) కలవవు, విడిగా కట్టాలి. మొదటి రోజే ఆటోపే పెట్టించు. వాళ్లతో ఏ తగాదా ఉన్నా డ్యూస్ మాత్రం ఆపకు.

ఇదంతా చదివి భయపడకు. మంచి హెచ్‌వోఏలో ఉండటం నిజంగా సుఖం. పిల్లలకు నడిచివెళ్లేంత దూరంలో పూల్ ఉంటుంది, అత్తగారూ మామగారూ వస్తే సాయంత్రం నడవడానికి ట్రెయిల్ ఉంటుంది, బతుకమ్మకో పుట్టినరోజుకో క్లబ్‌హౌస్ దొరుకుతుంది. పక్కింటాయన పాడైన కారును ఏడాదిపాటు డ్రైవ్‌వేలో పెట్టుకుంటే నువ్వు పోట్లాడక్కర్లేదు, వాళ్లే ఉత్తరం పంపుతారు. హెచ్‌వోఏ లేనిచోట ఆ పనికి సిటీవాళ్లే దిక్కు.

నిన్ను నేను గట్టిగా హెచ్చరించేది అద్దె విషయంలో. మీరిద్దరూ హెచ్-1బీ మీద ఉన్నారు. అల్లుడుగారి ఉద్యోగం రేపు సియాటెల్‌కో, న్యూజెర్సీకో మారితే ఇల్లు అద్దెకిచ్చి వెళ్లాలనుకుంటారు. చాలా కమ్యూనిటీల్లో దీనికి పరిమితులున్నాయి. కొన్నిచోట్ల మొదటి ఏడాదో రెండేళ్లో అద్దెకివ్వకూడదంటారు. కొన్నిచోట్ల మొత్తం ఇళ్లలో ఇంత శాతమే అద్దెకుండాలంటారు, ఆ లెక్క నిండిపోతే వెయిటింగ్ లిస్టే గతి. అప్పుడు అమ్ముకోవడమో, ఖాళీ ఇంటికి ఈఎంఐ కట్టడమో తప్పదు. వంటింటి గ్రానైట్ గురించి అంతసేపు మాట్లాడావు, ఈ ఒక్క పేజీ గురించి మాట్లాడలేదు. ముందు అది చూడు తల్లీ.

తర్వాత డబ్బు లెక్క. కొత్త కమ్యూనిటీల్లో బిల్డర్ ఇళ్లు అమ్ముడుపోవడానికి మొదట్లో డ్యూస్ తక్కువ పెడతాడు. చాలామటుకు ఇళ్లు అమ్మేదాకా బోర్డు కూడా అతని చేతిలోనే ఉంటుంది. అతను తప్పుకున్నాక పూల్ ప్లాస్టరింగ్, ఫెన్స్, రోడ్ల ఖర్చులన్నీ మీ మీద పడతాయి. వీటికోసం దాచే రిజర్వ్ ఫండ్ ఎంతుందో అడుగు. అది సరిపోకపోతే స్పెషల్ అసెస్‌మెంట్ అని ఒకేసారి వేలల్లో అడుగుతారు. మరమ్మతులు వాయిదా వేస్తూ పోతే ఎంత దూరం వస్తుందో ఫ్లోరిడా సర్ఫ్‌సైడ్‌లో చూశాం. 2021లో కాండో (అపార్ట్‌మెంట్ ఇళ్ల) టవర్ కూలి 98 మంది చనిపోయారు. మీది విడి ఇల్లు కాబట్టి ఆ ప్రమాదం లేదు, కానీ డ్యూస్ తక్కువని మురిసిపోకూడదని చెప్పడానికే ఇది రాశాను.

హెచ్‌వోఏ ఉన్న పాత ఇల్లేదైనా చూస్తే రీసేల్ సర్టిఫికెట్ తెప్పించుకో. డ్యూస్, రిజర్వ్, నడుస్తున్న కోర్టు కేసులు, ఆ ఇంటి మీద ఉన్న ఉల్లంఘనలు అన్నీ అందులో ఉంటాయి. దానికి 375 డాలర్లకు మించి వసూలు చేయకూడదు. కొత్త ఇళ్లకు బిల్డర్ తన సొంత కాంట్రాక్టు పెడతాడు, అందులో వెనక్కి తగ్గే ఆప్షన్ పీరియడ్ చాలాసార్లు ఉండదు. అందుకే కాగితాలన్నీ సంతకానికి ముందే అడగాలి.

అత్తగారి తులసికోట గురించి బెంగ వద్దు. ఇంటి మీదా, మన స్థలంలోనూ దేవుడికి సంబంధించినవి పెట్టుకోవడాన్ని హెచ్‌వోఏ నిషేధించకుండా 2021లో టెక్సాస్ చట్టం తెచ్చారు. సైజుకూ చోటుకూ కొన్ని షరతులుంటాయి, అంతే. సొరపాదుకు పందిరి వేయాలంటే మాత్రం, ఫెన్స్ దాటి కనిపిస్తే ఉత్తరం రావొచ్చు. ప్యాటియో కవర్, షెడ్, ఫెన్స్ రంగు, ఏది చేసినా ముందు ఆర్కిటెక్చరల్ కమిటీకి అప్లికేషన్ పెట్టి, అనుమతి కాగితం మీద వచ్చాకే మేస్త్రీని పిలవాలి. "పక్కింటివాళ్లు వేశారుగా" అంటే బోర్డులో ఎవరూ వినరు.

ఉల్లంఘన నోటీసు వస్తే కోప్పడి పక్కన పడేయకు. చాలావాటికి సరిచేసుకునే గడువిస్తారు, హియరింగ్ అడిగే హక్కూ ఉంటుంది. ఆ గడువు దాటనివ్వకు. ఏడాదికోసారి జరిగే మీటింగ్‌కు వెళ్లు. మనవాళ్లు ఇన్ని ఇళ్లు కొన్నారు, మీటింగ్‌లో మాత్రం కనిపించరు, తర్వాత వాట్సాప్‌లో బాధపడతారు. ఇది నాకెప్పుడూ నచ్చదు.

నా మాటంటే, సెలీనా కాగితాల్లో అద్దె షరతు మీకు సరిపడేలా ఉంటే అదే తీసుకోండి, పిల్లలకు బాగుంటుంది. సరిపడకపోతే ప్లేనో ఇల్లు తీసుకోండి, రూఫూ ప్లంబింగూ ఇన్‌స్పెక్షన్‌లో గట్టిగా చూపించండి. సేల్స్ ఆఫీసులో సీసీ అండ్ ఆర్స్, బైలాస్, ఈ ఏడాది బడ్జెట్ అడిగి నాకు ఈమెయిల్ చెయ్యి. ఆదివారం కూర్చుని ఇద్దరం చదువుదాం. అప్పటిదాకా డిపాజిట్ చెక్కు ఇవ్వకండి.

ప్రేమతో,
పెద్దమ్మ